జెండా ఎత్తినవాడు, పెట్టె మోసినవాడు

ప్రశ్న అడిగిన మిత్రులకు నమస్కారం. "అమెరికా పడమటి సీమను చుట్టివచ్చిన అన్వేషకులు నిజంగా గొప్పవారా, లేక వేషమూ ప్రచారమూ సొంత డప్పూ కలిసి వాళ్లను గొప్పవారిని చేశాయా? వీళ్లంతా ఉత్తరకుమారులేనా?" అని అడిగారు.

నేను చరిత్ర చదువుకున్నవాణ్ణి కాను. 31 సంవత్సరాలు భూమి కొలిచి పదవీ విరమణ చేసిన సర్వేయర్‌ని. మా అమ్మాయి, అల్లుడు డెన్వర్‌లో ఉంటారు. వాళ్ల దగ్గరికి వెళ్లినప్పుడల్లా రాకీ పర్వతాలను చూస్తూ, వీటిని మొదట కొలిచినవాళ్లు ఏ పరికరాలతో కొలిచారు, ఎలా ఎక్కారు, ఏం తిన్నారు అని ఆలోచించేవాణ్ణి. అది చూసి మా అల్లుడు జాన్ సి. ఫ్రెమాంట్ రాసిన నివేదికను కంప్యూటర్‌లో తెరిచి ఇచ్చాడు. మూడు వేసవులుగా దాన్ని వదల్లేదు. నా జవాబంతా ఆ మనిషి చుట్టూనే తిరిగితే మన్నించాలి. మీరు అడిగిన విషయానికి ఆయనకంటే మంచి ఉదాహరణ నాకు తెలియదు.

ముందు మీ పోలిక గురించి. ఉత్తరకుమారుడు అంతఃపురంలో ప్రగల్భాలు పలికి, కౌరవసేనను చూడగానే రథం దిగి పారిపోయాడు. వీళ్లు పారిపోలేదు. గొప్పలు చెప్పుకున్నారు, మంచులోకి, సుడిగుండాల్లోకి వెళ్లడమూ వెళ్లారు. అందుకే వీళ్ల లెక్క అంత సులువుగా తేలదు.

ఫ్రెమాంట్ 1813లో సవానాలో పుట్టాడు. సైన్యంలో నక్షాలు గీసే విభాగంలో చేరాడు. 1841లో మిస్సోరీ సెనేటర్ థామస్ హార్ట్ బెంటన్ కూతురు జెస్సీని పెళ్లి చేసుకున్నాడు. దేశం పసిఫిక్ సముద్రం దాకా విస్తరించాలని పట్టుబట్టిన నాయకుడు ఈ బెంటన్. మరుసటి ఏడాదే అల్లుడు ఓరెగాన్ దారి కొలవడానికి బయలుదేరాడు. దారి చూపడానికి కిట్ కార్సన్, నక్షా గీయడానికి చార్లెస్ ప్రాయిస్ అనే జర్మన్, పనికి ఇరవైమందికి పైగా మనుషులు. సామానులో ఒక ప్రత్యేకమైన జెండా కూడా ఉంది. దానిమీద గద్ద బొమ్మ, దాని గోళ్లలో బాణాలతోపాటు శాంతి చిలుం.

1842 ఆగస్టు 15న వయోమింగ్‌లోని విండ్ రివర్ పర్వతాల్లో ఒక శిఖరం ఎక్కాడు. పైన ఉన్న బండ ఎంత ఇరుకంటే, ఒక్కొక్కరినే పైకి రానిచ్చాడు. మొదట తానే ఎక్కాడనుకోండి. తుపాకీలో మందు కూరే కడ్డీని రాతి పగులులో గుచ్చి, దానికి జెండా ఎగరేసి, ఇంతకుముందు ఏ జెండా ఎగరని చోట మా జెండా ఎగిరిందని రాసుకున్నాడు. రాకీలన్నింటిలోకి ఇదే ఎత్తైన శిఖరమని నమ్మాడు, అందరినీ నమ్మించాడు. నిజానికి ఆ వరుసలోనే దానికంటే ఎత్తైన గానెట్ శిఖరం ఉంది. కొలరాడోలో 14,000 అడుగులు దాటినవే యాభైకి పైగా ఉన్నాయి. ఇంటికి వెళ్లాక, అప్పుడే బిడ్డను కన్న జెస్సీ పక్కమీద ఆ జెండాను పరిచి, ఇది నీ కోసం అన్నాడని చెబుతారు.

ఇంతవరకు చదివి నేను కూడా మీలాగే అనుకున్నాను. తరువాత బ్యారోమీటరు సంగతి చదివాను.

కొండ ఎత్తు తెలియాలంటే ఆ రోజుల్లో బ్యారోమీటరే దిక్కు. పైకి వెళ్లేకొద్దీ గాలి ఒత్తిడి తగ్గుతుంది, గొట్టంలో పాదరసం దిగుతుంది, ఆ దిగిన కొలతను బట్టి ఎత్తు లెక్క కడతారు. వందల మైళ్లు భద్రంగా తెచ్చిన బ్యారోమీటరు, సరిగ్గా కొండల దగ్గర ఏరు దాటుతుండగా పగిలిపోయింది. పాదరసం నిలిచే గాజు గిన్నె ముక్కలైంది. పనివాళ్లలో ఒకడి దగ్గర తుపాకీ మందు పోసుకునే కొమ్ము ఉంది. ఫ్రెమాంట్ ఆ కొమ్మును మరిగించి, కొయ్యకు తొడిగి కావలసిన కొలతకు సాగదీసి, లోపలి పాదరసం కనబడేంత పలుచగా గీకాడు. అడవిదున్నతో కాచిన జిగురు పెట్టి దాన్ని గొట్టానికి అతికించాడు. ఆ అతుకుల పరికరాన్ని మంచులో నిలబెట్టి శిఖరం ఎత్తు 13,570 అడుగులని లెక్క తేల్చాడు. ఆయన ఎక్కింది ఇప్పుడు ఆయన పేరుతో ఉన్న శిఖరమా, పక్కనున్న వుడ్రో విల్సన్ శిఖరమా అని చరిత్రకారులు ఇప్పటికీ వాదించుకుంటారు. ఏదైనా సరే, లెక్కలో తేడా 200 అడుగులు దాటదు. కొమ్ము ముక్క, దున్న జిగురు పెట్టి సాధించిన కొలత అది. మంచి పరికరాలు చేతిలో ఉండి, ఎండకు విసుగొచ్చి కొలతను ఉజ్జాయింపుగా వేసేసిన సర్వేయర్లను నేను చూశాను. ఆ పేజీ చదివి లేచి నిలబడ్డాను.

ఆ కొండకొననే ఒక తుమ్మెద ఎగిరొచ్చి ఒక మనిషి మోకాలిమీద వాలింది. అంత ఎత్తున, మంచు మధ్య, ఒంటరిగా. దాన్ని పట్టుకుని, పూలు దాచుకునే పుస్తకంలో పెట్టి అదిమేశారు. ఈ సంగతి నివేదికలో ఎంత అందంగా ఉంటుందంటే, అమెరికా అంతా దాన్నే చెప్పుకుంది. ఆ అందంలో జెస్సీ వాటా చాలా ఉంది. తాను రాయడానికి కూర్చుంటే ముక్కునుంచి రక్తం కారేదట ఫ్రెమాంట్‌కు. ఆయన గదిలో తిరుగుతూ చెబుతుంటే ఆమె కలం పట్టింది. రెండు యాత్రల నివేదికలూ కలిపి 1845లో సెనేట్ పది వేల ప్రతులు అచ్చు వేయించింది. ఎక్కడ గడ్డి దొరుకుతుంది, ఎక్కడ నీళ్లున్నాయి, ఎక్కడ వంటచెరకు లేదు అని చెప్పే కాగితం చేతికి వచ్చాక, బళ్లు కట్టుకుని పడమటికి వెళ్లే కుటుంబాలకు ధైర్యం వచ్చింది. మోర్మన్లు అనే మతశాఖవాళ్లు ఉప్పుసరస్సు లోయకు వలస వెళ్లేముందు దాన్ని చదివారు. ప్రాయిస్ గీసి 1846లో అచ్చైన ఏడు పలకల ఓరెగాన్ దారి నక్షాను తెరమీద పెద్దది చేసి చూశాను. అంచుల్లో గడ్డి, నీరు, కట్టెల వివరాలు. అది దారిన పోయే మనిషి అవసరం తెలిసినవాడి చేతి పని.

ఆ ప్రాయిస్ జర్మన్ భాషలో, తన భార్య కోసం, ఒక దినచర్య రాసుకున్నాడు. అది వందేళ్లకు పైగా గడిచాక, 1958లో, ఇంగ్లీషులో వెలువడింది. అందులో ఫ్రెమాంట్ చిన్నపిల్లవాడిలా కోపం తెచ్చుకునే అవివేకి. ఫోటోలు తీసే కొత్త యంత్రం తెచ్చి, ఒక్క బొమ్మ కూడా దించలేకపోయాడని ఒకచోట రాశాడు. నివేదికలో ఆ యంత్రం ఊసు లేదు. ఒకే గుడారం, ఒకే రోజు, రెండు పుస్తకాలు. ఇద్దరిలో ఎవరినీ అబద్ధాలకోరు అనలేను. గొణుగుతూనే పని సక్రమంగా చేసే ప్రాయిస్‌లాంటి వాళ్లతో నేను కలిసి పనిచేశాను. వాళ్లు లేనిదే ఏ నక్షా పూర్తికాదు.

ఆడంబరానికి ఖర్చు ఉంటుంది. అది ఎవరి జేబులోంచి పోయిందన్నదే నా పట్టింపు.

కొన్నిసార్లు ఫ్రెమాంట్ జేబులోంచే పోయింది. రెండేళ్ల కిందట వేసవిలో మా అల్లుడు నన్ను వయోమింగ్‌లోని ఇండిపెండెన్స్ రాక్ దగ్గరికి తీసుకెళ్లాడు. చదునైన మైదానంలో తాబేలు బోర్లాపడ్డట్టు ఒకే గ్రానైట్ గుట్ట. వలస వెళ్లినవాళ్లు వేల సంఖ్యలో తమ పేర్లు దానిమీద చెక్కారు. గాలి మనిషిని తోసేస్తోంది. నేను ఒక పేరు మీద వేలు పెట్టి అక్షరం వెంట నడిపించాను. ఉలి దెబ్బలు దగ్గరదగ్గరగా, సమానంగా పడ్డాయి. అక్షరాల పాదాలు కూడా తీర్చాడు ఆ మనిషి. గాడిలో పసుపుపచ్చని రాతిపాచి పట్టింది. ఇంకా సగం దారి మిగిలి ఉండగా, పెళ్లాంబిడ్డలు బండిలో ఎదురుచూస్తుండగా, అంత నిదానంగా చెక్కడానికి ఎంతసేపు పట్టి ఉంటుంది! దాన్ని డాంబికం అనబుద్ధి కాలేదు. 1842 ఆగస్టు 23న ఫ్రెమాంట్ ఈ రాతిమీదే పెద్ద శిలువ చెక్కి, దానికి నల్లని రబ్బరు పూత పూశాడు. 1856లో కొత్తగా పుట్టిన రిపబ్లికన్ పార్టీ ఆయన్ను తమ మొదటి అధ్యక్ష అభ్యర్థిగా నిలబెట్టినప్పుడు, ప్రత్యర్థులు ఆ శిలువ సంగతి బయటికి తీసి, చూశారా ఇతను రహస్య క్యాథలిక్ అని ఊరూరా చెప్పారు. ఆయన క్యాథలిక్ కాడు. ఆ ఎన్నికలో ఓడిపోయాడు.

మరికొన్నిసార్లు ఖర్చు ఇతరులది. శిలువ చెక్కిన మర్నాడే, ప్లాట్ నది ఇరుకులో కొండల మధ్య ఉరికే నీటిలోకి రబ్బరు పడవ దింపాడు. గట్టున నడిచి వెళ్లే దారి ఉండగానే. పడవ తిరగబడింది. పుస్తకాలు, పెట్టెలు, పరికరాలు నీటిపాలు. ఈత రాని ఒకణ్ణి తోటివాడు జుట్టు పట్టుకుని బయటికి లాగాడు. 1843లో ఒక కొలతల యాత్రకు ఫిరంగి వెంట తీసుకెళ్లాడు. ఎందుకు తీసుకెళ్తున్నావో సంజాయిషీ చెప్పమని పై అధికారి రాసిన ఉత్తరాన్ని జెస్సీ దాచిపెట్టి, వెంటనే బయలుదేరమని భర్తకు కబురంపింది. ఆ ఫిరంగిని మరుసటి జనవరి చివర సియెర్రా నెవాడా మంచులో వదిలేయాల్సి వచ్చింది. అప్పటిదాకా దాన్ని లాగింది మనుషులూ జంతువులే కదా.

1848 నాటికి పరువు దెబ్బతింది. కాలిఫోర్నియాలో అధికారం ఎవరిదన్న గొడవలో సైనిక న్యాయస్థానం ఆయన్ను దోషి అన్నది. రాజీనామా చేశాడు. పోయిన పేరు తిరిగి తెచ్చుకోవాలి. 38వ అక్షాంశం వెంట రైలుదారి వేయవచ్చని, అదీ నడి చలికాలంలో వెళ్లి చూపించాలని తీర్మానించుకున్నాడు. ఆ శీతాకాలం కొండలు దాటడం కుదరదని ఆ కొండల్లో తిరిగే వేటగాళ్లు చెప్పారు. వినలేదు. 33 మంది సాన్ హ్వాన్ పర్వతాల్లోకి వెళ్లారు. కంచరగాడిదలు ఒకదాని తోక ఒకటి, ఒకదాని జూలు ఒకటి కొరుక్కుతిని చచ్చాయి. 10 మంది మనుషులు చనిపోయారు. తప్పంతా దారి చూపిన బిల్ విలియమ్స్‌దేనని ఫ్రెమాంట్ రాశాడు. వదిలేసి వచ్చిన సామాను తేవడానికి అదే విలియమ్స్, బృందంలోని వైద్యుడు బెంజమిన్ కెర్న్ మళ్లీ కొండల్లోకి వెళ్లి హతులయ్యారు. దక్షిణ కొలరాడోలో సాన్ లూయిస్ లోయలో నిలబడి ఆ కొండలను చూశాను. జూన్‌లో కూడా తెల్లగా ఉన్నాయి. బ్యారోమీటరు దగ్గర ఈయన మీద పుట్టిన గౌరవం అక్కడ నిలబడలేదు.

ఇంకా బరువైన సంగతి ఒకటి ఉంది. 1846 ఏప్రిల్‌లో శాక్రమెంటో నది ఒడ్డున ఆయన మనుషులు అక్కడి ఆదివాసులైన విన్టు జాతివాళ్లను, ఆడవాళ్లూ పిల్లలూ అని చూడకుండా, పెద్ద సంఖ్యలో చంపారు. మే నెలలో క్లామత్ సరస్సు దగ్గర రాత్రి దాడిలో తనవాళ్లు ముగ్గురు చనిపోతే, ప్రతీకారంగా ఆదివాసుల ఊరినే ఒకదాన్ని తగలబెట్టారు. ఏ జెండా ఎగరని చోటు అని ఆయనలాంటివాళ్లు అనుకున్న పడమటి నేలమీద ఎవరి ఇళ్లున్నాయో ఈ రెండు నెలలు చూస్తే తెలుస్తుంది. అన్వేషకుల వేషభాషలను ముచ్చటగా చెప్పుకునేటప్పుడు దీన్ని వదిలేస్తే మనం కూడా వాళ్ల పక్షాన డప్పు కొట్టినట్టే.

మీరు అడిగిన వేషాల గురించి కొంచెం. సైన్యానికి వేగుగా పనిచేసి, బఫెలో బిల్‌గా పేరుపడ్డ విలియం కోడీ 1872 నుంచి రంగస్థలం మీద తన పాత్ర తానే వేసుకునేవాడు. ఆదివాసులతో పోరులో సైన్యాధికారి కస్టర్ చనిపోయిన మూడు వారాలకు, 1876 జూలై 17న, వార్‌బానెట్ క్రీక్ దగ్గర పోరుకు నల్లని మఖమలు, ఎర్ర అంచులు, వెండి గుండీలు ఉన్న నాటకం దుస్తుల్లోనే వెళ్లాడు. అక్కడ పసుపు జుట్టు అనే పేరుగల షయెన్ తెగ యోధుణ్ణి చంపి, తల చర్మం ఒలిచాడు. ఆ చలికాలమే ఆ చావును అవే దుస్తులతో నాటకంగా ఆడాడు. ఇక్కడ నాకు తూకం వేసే ఓపిక లేదు. ఒక మనిషి చావును టిక్కెట్టు పెట్టి చూపించడం నాకు మింగుడుపడదు. కస్టర్ సంగతి మీకు తెలిసే ఉంటుంది. 1874లో బ్లాక్ హిల్స్‌కు తెల్లగుర్రాల మీద బ్యాండు మేళంతో వెళ్లినవాడు. ఎలుగుబంటిని చంపి దాని పక్కన ఫోటో దిగాడు. ఫోటోలో పక్కనే ఉన్న అరికారా తెగకు చెందిన వేగు బ్లడీ నైఫ్ కూడా ఆ ఎలుగును కాల్చినవాడే, పేరు మాత్రం కస్టర్‌కు దక్కింది.

గొప్పలు తానుగా చెప్పుకోనివాడికి కూడా వాటి బరువు తప్పలేదు. ఫ్రెమాంట్ నివేదికల వల్లే కిట్ కార్సన్ పేరు దేశమంతా పాకింది. ఆయనకు చదవడం రాదు. 1849లో అపాచీ తెగవాళ్లు ఎత్తుకుపోయిన ఆన్ వైట్ అనే ఆమెను విడిపించడానికి వెళ్లిన సైనికులకు దారి చూపాడు. చేరేసరికి ఆమె అప్పుడే బాణం తగిలి చనిపోయింది. ఆ విడిదిలో చిల్లర నవల ఒకటి దొరికింది. కథానాయకుడు కిట్ కార్సనే, వందలమందిని ఒంటిచేత్తో చంపే వీరుడు. తోటివాళ్లు చదివి వినిపించారు. ఆమె అది చదివి, నేను వచ్చి కాపాడతానని ఎదురుచూసి ఉంటుందని ఆయన తరువాత తన జ్ఞాపకాల్లో చెప్పుకుని బాధపడ్డాడు. ఇదే కార్సన్ 1863, 64లలో నవాహో తెగవాళ్ల పంటలు తగలబెట్టి వాళ్లను ఊళ్లు వెళ్లగొట్టిన సైన్యాన్ని నడిపాడు. అదీ గుర్తుంచుకోవాలి.

ఇప్పుడు జాన్ వెస్లీ పావెల్. అంతర్యుద్ధంలో కుడిచెయ్యి పోగొట్టుకున్నవాడు. 1869లో తనతో కలిపి పదిమందితో, నాలుగు పడవలతో కొలరాడో నదిలో దిగి గ్రాండ్ కేన్యన్ దాటాడు. చివరికి మిగిలింది ఆరుగురు. రాళ్ల పొరలను, నీటి లెక్కను నిజాయితీగా చదివిన శాస్త్రవేత్త. వేషం వేయలేదు, జెండా పరచలేదు. ఎవరిని అడిగినా ఫ్రెమాంట్‌కంటే ఈయనే పెద్దమనిషి అంటారు. 1871, 72లలో రెండోసారి మరో బృందంతో అదే నదిలో వెళ్లాడు. నక్షాకు అసలైన కొలతలు తీసింది ఆ రెండో బృందమే, బావమరిది థాంప్సన్ ఆధ్వర్యంలో. 1875లో అచ్చైన నివేదికలో పావెల్ రెండో యాత్రలో జరిగినవాటిని కూడా మొదటి యాత్రలో కలిపి ఒకే కథగా చెప్పాడు. రెండోసారి నదిలో వెంట వచ్చినవాళ్లకు ఆ కథలో చోటు లేదు. నెలల తరబడి తడిబట్టలతో పడవలు మోసినవాళ్లు పుస్తకం తెరిచి చూసుకుంటే తాము అక్కడ లేరు.

మరి డాంబికుడని పేరుపడ్డ ఫ్రెమాంట్? 1842 నివేదిక మొదట్లోనే పనివాళ్లందరి పేర్లూ వరుసగా ఇచ్చాడు. క్లెమాన్ లాంబెర్, బాజీల్ లజనెస్, ఒనోరె ఆయో, ఓగుస్త్ జానీస్, రఫాయెల్ ప్రూ, ఇంకా ఎందరో. తెడ్లు వేసినవాళ్లు, బళ్లు తోలినవాళ్లు. చాలామందికి సంతకం కూడా వచ్చి ఉండదు. జెండా తానే ఎత్తాడు, మొదట తానే ఎక్కాడు, కాని ఎవరెవరు వెంట వచ్చారో దాచలేదు. క్లామత్ దగ్గర చనిపోయిన ముగ్గురిలో లజనెస్ ఒకడు. ఆ పేరు నాకు తెలిసింది, ఆ చావు నన్ను తాకింది, ఫ్రెమాంట్ రాసిపెట్టడం వల్లే. కాబట్టి మీ ప్రశ్నకు నా జవాబు ఇది: తనను ముందు పెట్టుకునే గొప్పకంటే, పక్కవాణ్ణి కనబడకుండా చేసే గొప్పే నన్ను ఎక్కువ బాధిస్తుంది. మొదటిది కంటికి కనబడుతుంది, తగ్గించి చదువుకోవచ్చు. రెండోది కనబడదు.

ఈ మాట పుస్తకాలు చదివి అనడం లేదు. మా ఇంట్లో ఒక ఫోటో ఉంది. 1984లో విశాఖ ఏజెన్సీలో ఒక కొండ కొమ్మున తీసింది. ముక్కాలి పీట మీద కోణాలు కొలిచే థియోడొలైట్, పక్కన నేను, నడుముమీద చెయ్యి. ఆ పరికరం ఉన్న కొయ్యపెట్టెను తలమీద పెట్టుకుని కొండ ఎక్కించింది ఆ ఊరి గిరిజనుడు. దారి కూడా ఆయనకే తెలుసు. నేను ఒట్టి చేతులతో ఎక్కడానికే మూడుచోట్ల ఆగాను, ఆయన నా కోసం ఆగాడు. తోటి ఉద్యోగి ఫోటో తీయబోతుంటే, నువ్వు కొంచెం పక్కకు జరుగు అని నేనే అన్నాను. జరిగాడు.

మొన్న డెన్వర్‌లో మా మనవరాలు ఆ ఫోటోను ఫోనులో పెద్దది చేసి చూస్తూ, "తాతయ్యా, ఆ రాతిమీద చుట్టిన గుడ్డ ఏమిటి?" అని అడిగింది. నలభై ఏళ్లలో నేను దాన్ని గమనించలేదు. అది చుట్టకుదురు. పెట్టె దించాక ఆయన తలమీంచి తీసి అక్కడ పెట్టాడు. ఎవరిదని అడిగింది, చెప్పాను. ఆయన పేరేమిటని అడిగింది. మస్టరులో ఆ పేరు నా చేత్తోనే రాశాను, పక్కన ఆయన బొటనవేలు పట్టి ముద్ర వేయించింది కూడా నేనే. వేలికి అంటిన సిరాను ఆయన జుట్టుకు తుడుచుకోవడం గుర్తుంది. పేరు గుర్తుకు రాలేదు.